మునేట్లో తిరగని ముందు చక్రాలు

మా పాత జీపుని చూసినవాళ్ళు దాని ముందు నిలబడి ఫొటో దిగుతారు. నేను మాత్రం దాని కిందకి చూస్తాను. ఇంజను వైపు నుంచి ముందు ఇరుసుకి వెళ్ళే ఇనప షాఫ్టు ఒకటి ఉంటుందక్కడ. మణికట్టంత లావు. పెద్ద బరువేం కాదు, ఎవరైనా ఎత్తి భుజాన వేసుకోవచ్చు. నా పదిహేడో ఏట ఒకసారి వేసుకున్నాను. నలభై ఏళ్ళు దాటింది, ఇంకా దించలేదు.

మొన్నమొన్నటిదాకా ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. నా భార్యకి కూడా చెప్పలేదు. గుళ్ళో నిలబడ్డప్పుడు దేవుడితో కూడా సూటిగా అనలేదు, "నీకు తెలుసుగా" అని ఊరుకునేవాణ్ణి. మీరెవరో నాకు తెలీదు. నేనెవరో మీకు తెలీదు. అందుకే మీ దగ్గర నోరు తెరుచుకుంటోంది.

ముందు జీపు గురించి చెప్పాలి. చెప్పకపోతే మీకు అర్థం కాదు. మొదలుపెడితే అక్కడే ఆగిపోతానేమోనని నా భయం. ఎందుకంటే ఆ బండంటే నాకు ప్రాణం. తప్పు చేసినవాడికి ఆ తప్పుకి వాడుకున్న వస్తువంటే అంత ప్రాణం ఉండొచ్చా? ఏమో. ఉంది మరి.

అది పెద్ద యుద్ధం నాటి మిలటరీ జీపు. యుద్ధం అయిపోయాక సైన్యం వదిలించుకున్న బళ్ళలో ఒకటి. డిస్పోజల్ జీపు అనేవాళ్ళు మా వైపు. చేతులు మారి మారి బెజవాడ దాకా వచ్చాక నాన్న కొన్నాడు. స్టీరింగు ఎడమ పక్కన. తలుపుల్లేవు. వానొస్తే అందులో కూర్చున్నా రోడ్డు మీద నిలబడ్డా ఒకటే. బానెట్టు బల్లపరుపుగా ఉండేది, పొలంలో మధ్యాహ్నం దానిమీదే కారేజీ విప్పుకుని తినేవాళ్ళం. పైనున్న పచ్చరంగు గోకితే కింద ఇంకో పచ్చ, దాని కింద ఇంకోటి. ఆ అట్టడుగు పచ్చ బర్మా అడవుల్లో వేసిందని నాన్న నమ్మకం. చెప్పిన ప్రతిసారీ ఆ కథ కొంచెం పెరిగేది. ఒకసారి ఏనుగు కూడా వచ్చింది అందులోకి. మేం అడ్డు చెప్పేవాళ్ళం కాదు.

మాది పెనుగంచిప్రోలు పక్కన, మునేటి ఒడ్డున ఊరు. వాన పడితే మా నల్లరేగడిలో ఎడ్లబండి కూడా కదలదు. ఆ జీపు కదిలేది. డ్రైవరు కుడిచేతి పక్కన నేలలోంచి మూడు రాడ్లు లేచి ఉండేవి. పొడుగుది మామూలు గేరుకి. పొట్టివి రెండు. ఒకటి లాగితే వెనక చక్రాలతోపాటు ముందు చక్రాలకి కూడా ఇంజను బలం అందుతుంది. దాన్ని ఫోర్‌వీల్ రాడ్డు అనేవాళ్ళు. రెండోది లాగితే బండి నడక బాగా తగ్గిపోతుంది గానీ ఎంత బురదైనా తొక్కేస్తుంది.

ఆ రాడ్ల మీద చెయ్యి పడాల్సిన తీరు మా ఇంట్లో బాగా తెలిసింది అక్కకి.

అక్క నాకన్నా మూడేళ్ళు పెద్దది. నాన్న ఇద్దరికీ ఒకేసారి నేర్పాడు. ఆ స్టీరింగు మహా బరువు. బండి ఆగి ఉన్నప్పుడు తిప్పాలంటే భుజాలు ఊడొచ్చేవి నాకు. అక్క మాత్రం బండిని కొంచెం కదలనిచ్చి, ఆ కదలికలోనే చక్రం తిప్పేసేది. బలం కాదురా, అదును, అనేది. నాకు అదునూ లేదు, బలమూ లేదు. మీసం మటుకు వస్తోంది.

పొద్దున్నే కూలీలని చేలో దింపడం అక్క పని. జీపులో పట్టినంతమంది ఎక్కేవాళ్ళు, పట్టనివాళ్ళు కూడా ఎక్కేవాళ్ళు. ముఠాకి పెద్ద మరియమ్మ. బండి కదిలేముందు ఆవిడ కళ్ళు మూసుకుని ప్రార్థన చేసేది. ప్రార్థన అయ్యేదాకా అక్క క్లచ్చి మీంచి కాలు తీసేది కాదు. ఆమెన్ అనగానే బండి ఎగిరి దూకేది, ఆడవాళ్ళంతా కేకలేసి నవ్వేవాళ్ళు. ఊళ్ళో దాన్ని నాన్న జీపని ఎవరూ అనేవాళ్ళు కాదు. అమ్మాయిగారి జీపు అనేవాళ్ళు. నాన్నకి ఆ మాట వింటే వెలిగిపోయేది మొహం. నేను మాత్రం అక్కణ్ణుంచి లేచి పోయేవాణ్ణి.

ఇది రాయడానికి చెయ్యి రావట్లేదు. రాస్తాను.

ఆ రోజుల్లో నందిగామ సెంటర్లో సర్వీసు జీపులు వరసగా నిలబడేవి. చందర్లపాడు, చందర్లపాడు అని అరుస్తూ జనాన్ని ఎక్కించుకునేవాళ్ళు. ఆ డ్రైవర్లు వాటి ముందు షాఫ్టులు విప్పి పక్కన పడేసేవాళ్ళు. తారురోడ్డు మీద తిరిగే బండికి ఫోర్‌వీల్ దేనికని వాళ్ళ వాదన. అది లేకపోతే బండి తేలిగ్గా పోతుంది, పెట్రోలు మిగులుతుంది. వాళ్ళ పక్కన చేరి టీ తాగడం నాకు గొప్పగా ఉండేది. వాళ్ళు విప్పుతుంటే చూసి నేర్చుకున్నాను.

పెట్రోలు సంగతి నాకు అవసరం. మా జీపు ట్యాంకు డ్రైవరు సీటు కిందే ఉంటుంది. నాన్న రోజూ అందులో వెదురుబద్ద ముంచి చూసుకునేవాడు. నేను దొంగతనంగా జగ్గయ్యపేట సినిమాకి వెళ్ళొస్తే ఆ బద్ద పట్టించేది. అందుకని నేను వెళ్ళే రోజు షాఫ్టు విప్పి, గోతంలో చుట్టి, కొట్టం వెనక పత్తికట్టె కుప్పలో దాచేవాణ్ణి. తిరిగొచ్చాక బిగించేవాణ్ణి.

పెట్రోలు కోసమేనని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే. షాఫ్టు లేనప్పుడు బండి నా మాట విన్నట్టనిపించేది. నిజంగా తేలికయ్యేదో, నా భ్రమో, ఇప్పటికీ చెప్పలేను. జగ్గయ్యపేట రోడ్డు మీద ఒంటిచేత్తో స్టీరింగు పట్టుకుని పోతుంటే, అక్క కన్నా నేనే బాగా తోలుతున్నానని అనిపించేది. చూసేవాళ్ళు ఎవరూ లేకపోయినా సరే.

ఆ రోజు ముందటి సాయంత్రం సినిమాకి వెళ్ళాను. వచ్చి, బద్ధకించి, రేపు మధ్యాహ్నం బిగిద్దాంలే అనుకున్నాను.

తెల్లారి నాన్న అక్కని పిలిచాడు. మునేటి అవతల మాకు కౌలు చేను ఉండేది. మిరపనారు తీసి సిద్ధంగా ఉంది. నాటడానికి మరియమ్మ ముఠా అప్పటికే నడిచి ఏరు దాటి అవతల ఎదురుచూస్తోంది. పీకిన నారు ఎండ ముదిరేలోపు చేరాలి, లేకపోతే వాడిపోతుంది. నాన్న సైకిల్ మీద ఎరువుల కొట్టుకి పోతూ, నువ్వు కూడా వెళ్ళి దింపరా అన్నాడు నాతో. అరగంట టైముంటే బిగించేవాణ్ణి. లేదు. నారుకట్టలు వెనక నింపేశారు, అక్క స్టార్టు చేసేసింది. నేను ఎక్కి కుడి పక్క కూర్చున్నాను. ఆ పొట్టి రాడ్లు రెండూ నా మోకాలికి తగులుతూ ఉన్నాయి. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఏటి ఒడ్డుకి చేరాం. హైవే వంతెన మీదుగా చుట్టు తిరిగి పోదామక్కా అన్నాను. నవ్వింది. "నారు వాడిపోద్దిరా చిన్నోడా. ఫోర్‌వీల్ ఉండగా మనకేం భయం?" అంది.

అప్పుడు చెప్పొచ్చు. షాఫ్టు లేదక్కా. రెండు మాటలు. తిట్టేది. నాన్నతో చెప్పేదో లేదో కూడా తెలీదు, అక్క అంత చాడీలకోరు కాదు. ఎందుకు చెప్పలేదు? నాన్న చెయ్యి గుర్తొచ్చింది, అది నిజం. కానీ ఇంకోటుంది. ఒక్కసారి అక్కకి కూడా బండి మాట వినకపోతే బాగుండునని ఏ మూలో నాకు అనిపించిందా? నలభై ఏళ్ళుగా నన్ను నేనే అడుగుతున్నాను. లేదని ఒక్కనాడు కూడా గట్టిగా అనలేకపోయాను.

అక్క బండి ఆపింది. ఫోర్‌వీల్ రాడ్డు లాగింది. రెండోదీ లాగింది. రెండూ నా మోకాలి పక్కనే టక్కుమన్నాయి. మునేట్లోకి దించింది.

మోకాలి లోతు నీళ్ళు. సగం దూరం బాగానే పోయాం. నడి ఏట్లో ఇసుక మెత్తబడింది. వెనక చక్రాలు గిర్రున తిరిగి దిగబడ్డాయి. అక్క రాడ్డు ముందుకి తోసి మళ్ళీ లాగింది. మళ్ళీ. "దిగి చూడరా, ముందు చక్రాలు తిరుగుతున్నాయా?" అంది. దిగాను. తిరగట్లేదని నాకు దిగకముందే తెలుసు. అయినా వంగి చూసినట్టు నటించాను. లేచి, "నువ్వు సరిగ్గా లాగావా అక్కా?" అన్నాను.

ఈ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో. అక్క తన చేతి వంక చూసుకుంది.

పైన ఎక్కడో వానలు పడ్డాయేమో, నీళ్ళు ఎర్రగా మారి పెరగడం మొదలుపెట్టాయి. జీపు నేల మీదకొచ్చాయి, సీటు దాకా వచ్చాయి. నారుకట్టలు ఒక్కొక్కటే లేచి పోతుంటే అక్క ఏట్లోకి దూకి చేతికందినవి పట్టుకుని బానెట్టు మీద పెట్టింది. అవీ పోయాయి. మరియమ్మ అవతలి ఒడ్డునుంచి బండొదిలి వచ్చెయ్యండమ్మా అని గుండెలు బాదుకుంటోంది. ఎవరో పోయి ఎడ్లు తోలుకొచ్చారు. యుద్ధం చూసిన బండిని మూడు జతల ఎడ్లు లాగాయి. రెండు ఒడ్డుల మీదా జనం. ఆడపిల్లకి స్టీరింగిస్తే ఇంతే మరి అని ఒకడన్నాడు, నలుగురు నవ్వారు.

నాన్న వచ్చాడు. అరవలేదు. తడిసి వణుకుతున్న అక్కని చూసి అడిగాడు.

"రాడ్డు లాగావా అమ్మా?"

"లాగా నాన్నా. రెండూ లాగా. తమ్ముడు పక్కనే ఉన్నాడు, వాణ్ణడుగు."

నాన్న నా వైపు తిరిగాడు. "లాగిందా?"

అక్క నా మొహంలోకి చూస్తోంది. భయం లేదు ఆ చూపులో. నేను అవునంటానని ఆమెకి తెలుసు.

"నేను చూళ్ళేదు నాన్నా," అన్నాను.

అంతే. లాగలేదని అనలేదు నేను. చూళ్ళేదన్నాను. ఆ తేడాని పట్టుకుని చాలా ఏళ్ళు బతికాను. సిగ్గులేని తేడా అది.

"అమ్మాయిగారు అట్టాంటి పొరపాటు చెయ్యరండి," అంది మరియమ్మ, ఏరు తగ్గాక ఇవతలికొచ్చి. ఆవిడ మాట ఎవరూ పట్టించుకోలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఇంట్లో అందరూ పడుకున్నాక కొట్టంలోకి వెళ్ళాను. పత్తికట్టె కుప్పలోంచి షాఫ్టు తీసి భుజాన వేసుకుని, జీపు కింద దూరి బిగించాను. పానా పట్టుకి నట్లు కొత్తగా మెరుస్తున్నాయి. టైర్లకి అంటిన మునేటి బురద గోకి వాటికి పూశాను. చూశారా ఎంత జాగ్రత్తో. ఏటి ఒడ్డున భయపడి అబద్ధమాడానంటే మీరు నమ్మొచ్చు. బురద పూసినప్పుడు భయం లేదు. తీరిగ్గానే పూశాను.

నందిగామ నుంచి మెకానిక్కు వచ్చాడు. ఇంజను ఆరబెట్టి, జాకీ పెట్టి, ఫోర్‌వీల్ వేసి చూశాడు. ముందు చక్రాలు చక్కగా తిరిగాయి. బ్రహ్మాండంగా ఉందండి, అమ్మాయిగారు కంగారులో సరిగ్గా లాగుండరు అన్నాడు. అక్క గుమ్మంలో నిలబడి ఉంది. ఆ తిరిగే చక్రాల వంక చూస్తూ ఉండిపోయింది. మనిషి మాట కాదనొచ్చు. తిరిగే చక్రాన్ని ఏమని కాదంటుంది?

నాన్న తాళం తీసి నా చేతికిచ్చాడు. "ఇక చాల్లే అమ్మా" అన్నాడు అక్కతో, ప్రేమగానే. తిట్టినా బాగుండేది.

ఆ తర్వాత ఒక రోజు కొట్టంలోంచి చప్పుడు వినిపించి వెళ్ళి చూశాను. ఆగి ఉన్న జీపులో అక్క ఒక్కతే కూర్చుని ఉంది. తాళం లేదు, ఇంజను లేదు. ఆ పొట్టి రాడ్డు లాగుతోంది. తోస్తోంది. మళ్ళీ లాగుతోంది. ఆ రోజు తన చెయ్యి ఏం చేసిందో చేతినే అడుగుతున్నట్టుంది. నన్ను చూసి, ఏం లేదురా అని దిగి వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ సీట్లో కూర్చోలేదు. మైలవరం కోడలై వెళ్ళింది, బావ స్కూటర్ కొన్నాడు, తర్వాత కారు కొన్నాడు. వెనక కూర్చుంది, పక్కన కూర్చుంది. స్టీరింగు మటుకు మళ్ళీ ఎప్పుడూ పట్టుకోలేదు.

నేను మటుకు ఆ జీపుని బాగా చూసుకున్నాను. నాన్న పోయాక కూడా అమ్మలేదు. ఊళ్ళోకి ట్రాక్టర్లొచ్చాయి, కార్లొచ్చాయి, ఏటి మీద వంతెనలొచ్చాయి. జీపుకి ఇక పని లేదు. అయినా దొరకని సామాన్ల కోసం ఊళ్ళు తిరిగాను. ఆ పాత పచ్చరంగు మళ్ళీ వేయించాను. ఈ మధ్య బెజవాడలో పాత బళ్ళ ప్రదర్శనకి పట్టుకెళితే కుర్రాళ్ళు చుట్టూ మూగారు. దీని చరిత్ర చెప్పండి సార్ అన్నారు. బర్మా చెప్పాను, ఏనుగుతో సహా. మునేరు దగ్గరకొచ్చేసరికి మంచినీళ్ళు తాగి ఇంకో సంగతి ఎత్తుకున్నాను.

వచ్చేటప్పుడు అలాగే మైలవరం మీదుగా అక్క ఇంటికి వెళ్ళాను. అక్క మనవరాలు సింధు పరుగెత్తుకొచ్చి డ్రైవరు సీట్లో కూర్చుంది. నేర్పు తాతయ్యా అని ఒకటే గొడవ. అక్క వాకిట్లోకొచ్చి నవ్వుతూ అంది కదా, "వద్దులే తల్లీ. మన ఆడోళ్ళ చేతులకి కంగారెక్కువ. నేను ఆ రోజు మునేట్లో రాడ్డు సగమే లాగా. నాకు బాగా గుర్తు, సగంలో ఆగిపోయింది నా చెయ్యి."

నాకు బాగా గుర్తు అంది.

ఇన్నాళ్ళూ ఆమె దగ్గర తాళం లాక్కున్నాననే అనుకున్నాను. అది కాదు. ఆమె చేతిలోంచి ఆమె చేసిన పనిని లాక్కున్నాను. దాని బదులు నా అబద్ధం పెడితే, దాన్ని తన జ్ఞాపకం చేసుకుని నలభై ఏళ్ళు దాచుకుంది. ఇప్పుడు ఇంకో పిల్లకి అందిస్తోంది.

సింధుని లోపలికి పంపి చెప్పేశాను. షాఫ్టు, పత్తికట్టె, బురద. నట్లకి పూసిన బురద సంగతి కూడా దాచకుండా చెప్పాను. క్షమించమని అడగలేదు. ఏ మొహంతో అడగను?

అక్క "నాన్నకి తెలుసా?" అంది.

"తెలీదక్కా."

"తెలీకుండానే పోయాడు," అంది. నన్నడగలేదు, నాకు చెప్పనూ లేదు. ఊరికే అంది.

మెల్లగా జీపెక్కి ఎడమ పక్క కూర్చుంది. మోకాళ్ళ నొప్పులు, ఎక్కడానికి కష్టపడింది. చెయ్యి పట్టుకోబోతే తోసేసింది. ఫోర్‌వీల్ రాడ్డు మీద చెయ్యి వేసి లాగింది. టక్కుమంది. ఆ చప్పుడు వింటూ కూర్చుంది.

"సగం కాదు," అంది. "పూర్తిగానే లాగా."

"అవునక్కా. నేను చూశా."

ఆ మాట చెప్పాల్సిన రోజు ఎప్పుడో పోయింది. అయినా చెప్పాను. అక్క నా వైపు చూడలేదు. తాళం తీసి, కొంగున ముడేసుకుని దిగింది. "ఆరింటికి నందిగామ బస్సుంది, పో" అంది. కాఫీ కూడా ఇవ్వలేదు. లోపలికి వెళ్ళి తలుపు దగ్గరికేసింది.

అప్పట్నుంచి ఫోన్ చేస్తే ఎత్తట్లేదు. ఎత్తకపోవడమే న్యాయం. ఆమెకి నాలుగు మాటల్లో చెప్పాను, మిగతాదంతా మీ దగ్గర పెట్టాను. మునేటి ఒడ్డున నవ్విన వాళ్ళలో ఎవరైనా బతికి ఉండి ఇది చదివితే, అమ్మాయిగారు రెండు రాడ్లూ లాగారని తెలుసుకోండి. మరియమ్మ ఒక్కతే నిజం చెప్పింది.

ఆ సాయంత్రం మైలవరం బస్టాండులో నా చేతులకి పని లేదు. జేబు తడుముకుంటే తాళం లేదు. బస్సొచ్చింది. కిటికీ పక్క కూర్చున్నాను, ఎవరో తోలుతుంటే.